కార్యదర్శి కుర్చీ నుంచి స్వర్ణ శిఖరానికి..

* హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి రెండు దశాబ్దాల సారథి రహీం
* స్థానిక లీగ్ నుంచి ఒలింపిక్స్ దాకా బాట వేసిన బడిపంతులు
* జూన్ 11న వర్ధంతి

ఉరుకుంద (కౌతాళం): ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టు ఇప్పటివరకు రెండుసార్లు మాత్రమే స్వర్ణ పతకం గెలుచుకుంది. 1951లో ఢిల్లీలో ఒకసారి, 1962లో జకార్తాలో మరోసారి. ఆ రెండు సందర్భాల్లోనూ జట్టుకు శిక్షకుడు ఒక్కరే. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు కూడా జట్టును తీర్చిదిద్దింది ఆయనే. శిక్షకుడిగా రహీం పేరు దేశమంతటా సుపరిచితం. అయితే ఆయన జీవితంలో సగం శ్రమ మైదానం బయట, ఒక ప్రాంతీయ సంఘం నిర్వహణలో గడిచిందన్న సంగతి తెలిసినవారు తక్కువ. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఆయన వేసిన పునాదులపైనే జాతీయ జట్టు విజయాలు నిలిచాయి. రహీం వర్ధంతి సందర్భంగా ప్రత్యేక కథనం.

నది ఇవతల.. నది అవతల

పశ్చిమ కర్నూలు పాఠకులకు ఈ చరిత్ర అర్థం కావాలంటే ముందుగా పాత సరిహద్దులను గుర్తు చేసుకోవాలి. ఉరుకుందకు ఉత్తరాన కొద్ది దూరంలోనే తుంగభద్ర ప్రవహిస్తుంది. నేడు శ్రావణమాసంలో ఈరన్న స్వామి దర్శనానికి రాయచూరు ప్రాంతం నుంచి భక్తులు నది దాటి సునాయాసంగా వచ్చి పోతున్నారు. కానీ 1948 సెప్టెంబరు వరకు ఆ ఒడ్డు నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానం. ఈ ఒడ్డు మద్రాసు రాష్ట్రం. ఆదోని తాలూకా అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరాయి. కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణతో రాజధాని హైదరాబాద్‌కు తరలిపోగా, రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది.

ఫుట్‌బాల్ సంఘాలు కూడా ఈ హద్దులను అనుసరించే ఏర్పడ్డాయి. తుంగభద్రకు అవతలి ఒడ్డున హైదరాబాద్ సంస్థానానికి ఒక సంఘం, ఇవతలి మద్రాసు రాష్ట్రానికి మరొక సంఘం. నదికి ఇరువైపులా మాట, ఆచారం, బంధుత్వం కలిసే పల్లెలున్నప్పటికీ ఆటగాడికి దక్కే గుర్తింపు మాత్రం అతడు ఏ సంఘం పరిధిలో పుట్టాడన్న దానిపై ఆధారపడేది. హైదరాబాద్ వైపు పుట్టినవారికి ఆ రోజుల్లో కలిసివచ్చిన అదృష్టం రహీం రూపంలో లభించింది.

ఉపాధ్యాయ వృత్తి.. ఫుట్‌బాల్ ప్రవృత్తి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యారు. విద్యార్థి దశలో విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. అనంతరం స్థానిక లీగ్‌లో పేరున్న కమర్ క్లబ్ తరఫున బరిలోకి దిగారు. చదువు ముగిశాక ఉపాధ్యాయ వృత్తిని ఎంచుకున్నారు. కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది క్రీడా బాధ్యతలు కూడా స్వీకరించారు.

ఉపాధ్యాయ వృత్తిలో అలవడిన పద్ధతి ఆయనను చివరివరకు వీడలేదు. పాఠం ఏదైనా మొదటి తరగతి నుంచి క్రమంగా చెప్పుకుంటూ రావాలన్నది ఆయన నమ్మకం. ఇరవై ఏళ్లు దాటిన ఆటగాడికి బంతిని ఆపడం నేర్పడం వృథా శ్రమ అని, పదేళ్ల పిల్లవాడి కాళ్లకే ఆ అలవాటు చేయాలని ఆయన భావించారు. మంచి ఆటగాళ్లు దైవికంగా దొరకరని, వారిని తయారుచేసే ఏర్పాటు ఒకటి ఉండాలని గ్రహించారు. ఆ ఏర్పాటుకు సాధనంగా ఆయన చేతికి అందివచ్చినదే సంఘం.

సంఘం ఎలా నడుస్తుంది?

హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం 1939లో ఏర్పడింది. 1943 ప్రాంతంలో రహీం దాని కార్యదర్శి బాధ్యతలు చేపట్టారు. 1963లో కన్నుమూసే వరకు, సంఘం పేరు మారినా, ఆయన ఆ పదవిలోనే కొనసాగారు.

ప్రాంతీయ ఫుట్‌బాల్ సంఘం అనగానే చాలామందికి బహుమతి ప్రదాన సభలు, పూలదండలు గుర్తుకు వస్తాయి. వాస్తవానికి దాని పని చాలా విస్తృతమైనది. క్లబ్బులను నమోదు చేసుకోవాలి. ప్రతి క్లబ్బు తన ఆటగాళ్ల పేర్లను సంఘం పుస్తకంలో ఎక్కించాలి. ఒక క్లబ్బు నుంచి మరో క్లబ్బుకు మారాలంటే సంఘం అనుమతి కావాలి. ఏటా లీగ్ నిర్వహించాలి. మైదానం, బంతులు, రెఫరీలు సమకూర్చాలి. గొడవలు వస్తే విచారించి శిక్షలు వేయాలి. చివరకు వీరందరిలో నుంచి రాష్ట్ర జట్టును ఎంపిక చేసి సంతోష్ ట్రోఫీకి పంపాలి. 1941లో మొదలైన ఆ జాతీయ పోటీల్లో ప్రధానంగా రాష్ట్ర సంఘాల జట్లే తలపడతాయి.

గుర్తింపు కూడా మెట్లు మెట్లుగానే వస్తుంది. క్లబ్బుకు జిల్లా లేదా నగర సంఘం, జిల్లా సంఘానికి రాష్ట్ర సంఘం, రాష్ట్ర సంఘానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపునిస్తాయి. ఆ సమాఖ్యకు ప్రపంచ సంస్థ ఫిఫా సభ్యత్వం ఇస్తుంది. అఖిల భారత సమాఖ్య 1937లో ఏర్పడింది. అంతకుముందు 1893లో కలకత్తాలో నెలకొల్పిన ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌దే దేశంలో పెత్తనం. పేరు దేశానిదైనా అది ప్రధానంగా బెంగాల్ సంఘం. ఇతర రాష్ట్రాల సంఘాలు ఆ పెత్తనాన్ని అంగీకరించక పోవడంతో పలు వివాదాల అనంతరం అందరికీ ఉమ్మడిగా సమాఖ్య ఆవిర్భవించింది. 1948లో దానికి ఫిఫా సభ్యత్వం లభించింది.

ఈ నిచ్చెనలో రాష్ట్ర సంఘం నేరుగా ఫిఫా తలుపు తట్టలేదు. దేశానికి ఒకే సంఘం అన్నది ప్రపంచ సంస్థ నియమం. కనుక హైదరాబాద్ వంటి ప్రాంతీయ సంఘానికి అంతర్జాతీయ గుర్తింపు రావాలంటే మిగిలిన దారి ఒక్కటే. తన ఆటగాళ్లు దేశం జెర్సీ ధరించి విదేశీ గడ్డపై గెలవాలి. రహీం ఎన్నుకున్న దారి ఇదే.

ఎడమ కాలికి కూడా పోటీలు

కార్యదర్శిగా రహీం చేపట్టిన సంస్కరణలు చూడటానికి చిన్నవి. ఫలితాలు మాత్రం పెద్దవి. బంతిని కాళ్ల వద్దే ఉంచుకుని డ్రిబ్లింగ్‌తో నలుగురిని దాటించి చప్పట్లు కొట్టించుకోవడం ఆనాటి ఆటగాళ్లకు మోజు. దాన్ని మాన్పించడానికి డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలను ఆయన ప్రవేశపెట్టారు. బంతి అందుకున్న వెంటనే తోటి ఆటగాడికి పాస్ ఇవ్వాల్సిందే. ఎక్కువసేపు ఉంచుకుంటే తప్పు కింద లెక్క.

అలాగే బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడి కాలితో తన్నాలి. బాలుర పోటీల్లో వయసు ధ్రువపత్రాల తంటా లేకుండా ఎత్తును కొలబద్దగా తీసుకునే పద్ధతిని కూడా అనుసరించారు. పుట్టిన తేదీని మార్చి చెప్పవచ్చు గాని ఎత్తును దాచలేరు కదా. ఇటువంటి పోటీలకు పెద్ద ఖర్చు అవసరం లేదు. నిబంధన మార్చే అధికారం ఉంటే చాలు. ఆ అధికారం సంఘం కార్యదర్శికి ఉంటుంది. శిక్షకుడు ఒక జట్టుకు మాత్రమే పాఠం చెప్పగలడు. కార్యదర్శి పోటీ నియమాన్ని మారిస్తే ఊరంతా ఆ పాఠం నేర్చుకుంటుంది. రహీం ప్రత్యేకత ఈ రెండు పనులనూ ఒకచోట చేర్చడంలో ఉంది.

పోలీసు జట్టు ప్రభంజనం

ఈ పద్ధతి తొలి ఫలాలు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో కనిపించాయి. రహీం శిక్షణలో ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను గెలుచుకుంది. అప్పట్లో ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్‌లో మోహన్ బగాన్ వంటి కలకత్తా దిగ్గజాన్ని ఓడించి విజేతగా నిలిచింది. 1954, 1957 సంవత్సరాల్లోనూ ఆ కప్ హైదరాబాద్‌కే వచ్చింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లాయిక్ వంటి వారి పేర్లు దేశమంతటా మారుమోగాయి.

అప్పటివరకు భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా అన్న భావన బలంగా ఉండేది. సంతోష్ ట్రోఫీలో 1949, 1950 ఫైనళ్లలో హైదరాబాద్ జట్టు బెంగాల్ చేతిలోనే ఓడిపోయింది. 1956, 1957లలో మాత్రం ఫైనళ్లలో బొంబాయిని ఓడించి వరుసగా రెండుసార్లు విజేత అయింది. పోలీసు ఉద్యోగం క్రీడాకారుల కుటుంబాలకు తిండి పెట్టింది. సంఘం లీగ్ వారికి ఏడాది పొడవునా ఆట కల్పించింది. ఈ రెండూ ఉన్నందువల్లే ఆటగాళ్లు పొట్టకూటి కోసం వేరే దారి చూసుకోకుండా నిలిచారు.

సికింద్రాబాద్ కంటోన్మెంటు సమీపంలోని అమ్ముగూడలో తమిళ మూలాలున్న పేద కుటుంబంలో 1936లో జన్మించిన తులసీదాస్ బలరాం ఇందుకు మంచి ఉదాహరణ. స్థానిక పోటీల్లో ఆ కుర్రవాడి ఆట చూసిన రహీం అతడిని చేరదీశారు. 1956లో సంతోష్ ట్రోఫీ జట్టులో చోటు దక్కింది. అదే ఏడాది ఒలింపిక్స్‌కు వెళ్లే విమానం ఎక్కారు. సంఘం చేసిన పనికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

హెల్సింకి నేర్పిన పాఠం

1950లో రహీం జాతీయ జట్టు శిక్షకుడిగా బాధ్యతలు చేపట్టారు. ఆ సంవత్సరమే బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్‌కు అర్హత లభించినా భారత్ వెళ్లలేదు. ఫిఫా సభ్యత్వం పొందిన రెండేళ్లకే చేజారిన ఆ అవకాశం మళ్లీ ఇంతవరకు రాలేదు.

1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వంలోని భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించింది. మేవాలాల్ గోల్ సాధించారు. స్వతంత్ర భారతానికి ఫుట్‌బాల్‌లో లభించిన మొదటి పెద్ద కిరీటం అది.

మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో పరిస్థితి తలకిందులైంది. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోర పరాజయం ఎదురైంది. మన ఆటగాళ్లలో పలువురు చలిలో ఉత్త కాళ్లతో ఆడారు. ఆ అవమానం తర్వాత బూట్లు ధరించడాన్ని సమాఖ్య తప్పనిసరి చేసింది. రహీం అంతటితో ఆగలేదు. లోపం కాళ్లకున్న బూట్లలో మాత్రమే లేదని, మైదానంలో ఆటగాళ్లను నిలిపే తీరులో ఉందని గుర్తించారు. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండ్‌ను వెంబ్లీలో 6-3తో చిత్తు చేసినప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. సెంటర్ ఫార్వర్డ్‌ను ముందు వరసలో నిలబెట్టకుండా కాస్త వెనక్కి జరిపి ఆడించడం హంగరీ విజయ రహస్యం. రహీం ఆ విధానాన్ని శ్రద్ధగా గమనించి మన జట్లకు అలవాటు చేశారు. నలుగురు రక్షణలో, ఇద్దరు మధ్యలో, నలుగురు దాడిలో ఉండే కొత్త అమరికను కూడా అమలులో పెట్టారు. 1958 ప్రపంచ కప్‌ను బ్రెజిల్ గెలిచాక ఆ అమరిక లోకప్రసిద్ధమైంది.

మెల్‌బోర్న్‌లో చరిత్ర

1956 డిసెంబరు 1న మెల్‌బోర్న్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ సాధించి ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి ఆసియా ఆటగాడిగా నిలిచారు. ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా భారత్ రికార్డులకెక్కింది. సెమీఫైనల్లో మొదట గోల్ చేసింది మన జట్టే. అయితే యుగోస్లావియా తేరుకుని 4-1తో గెలిచింది. కాంస్యం కోసం జరిగిన పోరులో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి భారత్ నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది.

ఆ జట్టు పట్టికను పరిశీలిస్తే అసలు విశేషం బోధపడుతుంది. అజీజుద్దీన్, లతీఫ్, నూర్ మహమ్మద్, సలాం, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్, బలరాం తదితరులంతా హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల్లో ఎదిగినవారే. గోల్ కీపర్ పీటర్ తంగరాజ్ జన్మస్థలం కూడా హైదరాబాదే. ఒక ప్రాంతీయ సంఘం పరిధి నుంచి ఇంతమంది ఒకేసారి ఒలింపిక్స్‌కు వెళ్లడం అరుదైన విషయం. హైదరాబాద్ సంఘం పేరు ఫిఫా సభ్యుల జాబితాలో ఎక్కడా లేదు. కానీ ఆ సంఘం పుస్తకంలో పేర్లు నమోదైన కుర్రాళ్లు ఒలింపిక్ సెమీఫైనల్ ఆడారు.

రెండు సంఘాలు ఒకటైన వేళ

1956 నవంబరులో రెండు తెలుగు ప్రాంతాలు ఒక రాష్ట్రంగా ఏర్పడినా, ఫుట్‌బాల్‌లో మాత్రం హైదరాబాద్, ఆంధ్ర వేర్వేరు సంఘాలుగానే కొంతకాలం కొనసాగాయి. ప్రభుత్వ ఉత్తర్వుతో సరిహద్దు చెరిగినంత సులువుగా సంఘాలు కలవవు. ప్రతి సంఘానికీ సొంత సభ్యులు, సొంత పద్దులు, సమాఖ్య సభలో ఒక ఓటు, సంతోష్ ట్రోఫీలో ఒక జట్టు ఉంటాయి. కలిస్తే రెండు జట్ల స్థానంలో ఒకటే మిగులుతుంది. ఇరవై మంది ఆటగాళ్లకు దక్కే అవకాశం పోతుంది. క్రికెట్‌లో హైదరాబాద్, ఆంధ్ర సంఘాలు నేటికీ విడివిడిగా ఉండటానికి ఇటువంటి లెక్కలే కారణం.

ఫుట్‌బాల్‌లో మాత్రం 1959లో కలయిక జరిగింది. ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాల్ సంఘం ఆవిర్భవించింది. కార్యదర్శి బాధ్యత రహీం భుజాలపైనే పడింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టుగా మారి 1961లో మరోసారి డ్యూరాండ్ కప్ గెలిచింది. ఆదోని, ఎమ్మిగనూరు వంటి రాయలసీమ పట్టణాల కుర్రాళ్లు, జంట నగరాల కుర్రాళ్లు తొలిసారి ఒకే రాష్ట్ర సంఘం గొడుగు కిందికి వచ్చింది అప్పుడే. బసాలత్ జంగ్ కాలంలో నిజాం కుటుంబ జాగీరుగా ఉండి, 1800లో దత్తమండలాల్లో భాగంగా ఆంగ్లేయుల వశమైన ఆదోని, సుమారు 160 ఏళ్ల తర్వాత ఆట రూపంలో మళ్లీ హైదరాబాద్‌తో ముడిపడింది.

అయితే శతాబ్దం నాటి కంటోన్మెంటు ఆట, పోలీసు ఉద్యోగాలు, రోజూ లీగ్ మ్యాచ్‌లు ఉన్న నగరానికీ, అవేవీ లేని జిల్లాలకూ ఉన్న అంతరం కాగితంపై కలయికతో తీరేది కాదు. జిల్లాల్లో హైదరాబాద్ నమూనాను పాదుకొల్పడానికి సమయం కావాలి. రహీంకు ఆ సమయం మిగల్లేదు.

జకార్తాలో చివరి పరీక్ష

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ కఠినమైన గ్రూపులో పడింది. హంగరీతో 2-1, పెరూతో 3-1 తేడాతో ఓడినా ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ ఆడటం అదే చివరిసారి. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఆ జట్టులో సభ్యుడు.

రెండేళ్ల తర్వాత జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. అయినా జట్టు వెంట వెళ్లారు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0 తేడాతో గెలుపు. ఈలోగా మరో చిక్కు వచ్చింది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించడాన్ని భారత క్రీడా అధికారి సోంధీ తప్పుపట్టారు. దాంతో స్థానికుల ఆగ్రహం భారత బృందంపైకి మళ్లింది. మైదానంలో మన జట్టు అడుగుపెడితే చాలు ఎగతాళి కేకలు మిన్నుముట్టేవి.

గాయాలు, అస్వస్థత మరోవైపు వెంటాడాయి. రక్షణ విభాగానికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ స్థితిలో ఆయన వెనుక ఆడటం కష్టమని గ్రహించిన రహీం, సెమీఫైనల్లో ఆయనను ఏకంగా సెంటర్ ఫార్వర్డ్ స్థానంలోకి పంపారు. దక్షిణ వియత్నాంపై భారత్ 3-2తో గట్టెక్కింది. జర్నైల్ గోల్ కూడా చేశారు. ఫైనల్‌కు ముందురోజు రాత్రి రహీం ఆటగాళ్లను సమావేశపరిచి తన కోసం స్వర్ణాన్ని కానుకగా ఇవ్వాలని కోరినట్లు ఆ జట్టు సభ్యులు తర్వాతి కాలంలో పలుమార్లు గుర్తు చేసుకున్నారు.

1962 సెప్టెంబరు 4. సెనయాన్ స్టేడియంలో లక్షమందికి చేరువైన జనం. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. ఫ్లూ జ్వరం నుంచి పూర్తిగా కోలుకోని తంగరాజ్‌ను గోల్ కీపర్‌గా దింపడం, తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను మళ్లీ ముందు వరసలో ఆడించడం రహీం తీసుకున్న సాహస నిర్ణయాలు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్స్ చేశారు. చివరిలో కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చినా 2-1తో స్వర్ణం భారత్ వశమైంది. అంతటి ప్రతికూల జనసందోహంలో మనవారికి మద్దతుగా కేకలు వేసినవారు పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లు కావడం విశేషం. చునీ గోస్వామి నాయకత్వంలోని ఆ జట్టులో తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం, అఫ్జల్ వంటి హైదరాబాదీలు ఉన్నారు.

ఆ తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న రహీం తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు.

ఒక్కరిపై ఆధారపడిన భవనం

ఆయన మరణానంతరం కొన్నేళ్లు పాత ఊపు కొనసాగింది. 1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం నెగ్గిన భారత జట్టుకు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకుడు. మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటి వారు కూడా ఈ గడ్డ నుంచే ఎదిగారు. కానీ వీరిలో ఎక్కువమంది పేరు ప్రఖ్యాతులు కలకత్తా క్లబ్బుల్లోనే గడించారు. ప్రతిభ పుట్టినచోట దాన్ని నిలుపుకునే శక్తి సంఘానికి క్రమంగా సన్నగిల్లింది. సంతోష్ ట్రోఫీ విజయం మళ్లీ రాలేదు.

ఇందులో రహీం పద్ధతికి సంబంధించిన లోపం కూడా కొంత ఉందని చెప్పక తప్పదు. రాష్ట్ర సంఘం కార్యదర్శి ఆయనే. రాష్ట్రంలో అతిపెద్ద జట్టుకు శిక్షకుడు ఆయనే. జాతీయ జట్టు శిక్షకుడూ ఆయనే. నిజాయితీపరుడు, పని తెలిసినవాడు కావడంతో ఇరవై ఏళ్లు ఈ ఏర్పాటు అద్భుతంగా నడిచింది. కానీ పగ్గాలు మరొకరికి అప్పగించే అలవాటు సంఘానికి అబ్బలేదు. ఆయన వెళ్లిపోగానే మూడు కుర్చీలూ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. క్రీడా సంఘాల్లో పదవీకాలానికి పరిమితి ఉండాలన్న నేటి నిబంధనల వెనుక ఇటువంటి అనుభవాలే ఉన్నాయి.

గుర్తింపు అన్నది ఒకసారి సంపాదిస్తే శాశ్వతంగా ఉండేది కాదని ఇటీవలి చరిత్ర కూడా చాటింది. ఎన్నికలు సకాలంలో జరగక, నిర్వహణ బయటి కమిటీ చేతికి వెళ్లడంతో 2022 ఆగస్టులో ఫిఫా మన అఖిల భారత సమాఖ్యను సస్పెండ్ చేసింది. అదే నెల 26న సస్పెన్షన్ ఎత్తివేసినందున అక్టోబరులో బాలికల అండర్-17 ప్రపంచ కప్ భారత్‌లో జరగగలిగింది. పై మెట్టు కదిలితే కింది మెట్లన్నీ కదులుతాయని, గ్రామ మైదానంలో ఆడే పిల్లల అవకాశం కూడా దానితో ముడిపడి ఉంటుందని ఆ 12 రోజులు నిరూపించాయి.

ఆలస్యంగా దక్కిన స్మరణ

శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. రహీం అప్పటికి మరణించి రెండు దశాబ్దాలు దాటింది. ఆయన కుమారుడు హకీం ఫిఫా రెఫరీగా పనిచేశారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని, 2021లో కన్నుమూశారు. ప్రియ శిష్యుడు బలరాం 2023 ఫిబ్రవరిలో మరణించారు. 2024లో రహీం జీవితం ఆధారంగా మైదాన్ అన్న హిందీ చలనచిత్రం రావడంతో కొత్త తరానికి ఆయన పేరు పరిచయమైంది. చిత్రం సహజంగానే జకార్తా ఫైనల్ చుట్టూ తిరిగింది. సంఘం నిర్వహణ, లీగ్ నియమాలు, బలహీన కాలి పోటీలు వంటివి తెరపై రక్తి కట్టే విషయాలు కావు.

2014లో రాష్ట్ర విభజనతో ఫుట్‌బాల్ సంఘాలు మళ్లీ రెండయ్యాయి. 1959లో కలిసిన చోటనే విడిపోయాయి. హైదరాబాద్ మైదానాలు, పోలీసు జట్టు వారసత్వం తెలంగాణ వైపు ఉండిపోయాయి. కర్నూలు జిల్లా ఆంధ్రప్రదేశ్ సంఘం పరిధిలో ఉంది. నేడు ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో, కౌతాళం మండలంలోని ఏ పల్లెలోనో బంతి తన్నే బాలుడికి గాని బాలికకు గాని పైకి వెళ్లే మెట్లు రహీం కాలం నాటివే. ముందు పాఠశాల లేదా క్లబ్బు, తర్వాత జిల్లా జట్టు, ఆపై రాష్ట్ర జట్టు, అక్కడి నుంచి దేశం. మొదటి మెట్టు వద్ద లీగ్ జరగకుంటే, రెఫరీ లేకుంటే, పేరు నమోదు చేసే పుస్తకం లేకుంటే పై మెట్లు ఎన్ని ఉన్నా ఆ పిల్లలకు అందవు. హైదరాబాద్‌లో ఒక బడిపంతులు ఇరవై ఏళ్లపాటు చక్కబెట్టింది ఆ మొదటి మెట్టునే.